ద్వీపాంతరాన తెలుగు ముంగిలి

తరగతి గది గోడకు వేలాడే ప్రపంచపటాన్ని ఒకసారి నిదానంగా చూడండి. పసిఫిక్ మహాసముద్రం సాధారణంగా రెండు ముక్కలై కనిపిస్తుంది. ఒక ముక్క కుడి అంచున, మరొకటి ఎడమ అంచున. ఆ కుడి అంచున, భూమధ్యరేఖకు దిగువను, ఆస్ట్రేలియా దాటిన పిమ్మట, కాగితం చిరుగులు పట్టే చోట కొన్ని సన్నని చుక్కలు ఉంటాయి. అవి ఫిజీ దీవులు. 180వ రేఖాంశం ఆ దీవుల మీదుగానే సాగుతున్నది. 300కు పైబడిన ఆ దీవులలో మనుషులు నివసించేవి సుమారు 100. అక్కడ ఉదయం ఎనిమిదిన్నరకు బడిగంట మ్రోగే వేళ మనకు రాత్రి రెండు గంటలు. మన పిల్లలు గాఢనిద్రలో ఉంటారు. అంత దూరాన, ఆ చుక్కల మీద, నాయుడు, రెడ్డి అన్న పేర్లు గల పిల్లలు హాజరు పలుకుతున్నారు. వారి పూర్వులు అక్కడికి ఎట్లా చేరినారు, ఎట్లా నిలిచినారు, వారి నోట తెలుగు ఏమయినది అన్నదే ఈ వ్యాసంలోని ముచ్చట.

మన పెద్దల కాలంలో 'ద్వీపాంతరం' అన్న మాట వినగానే గుండె జల్లుమనేది. ఘోరమైన నేరం చేసినవానిని ద్వీపాంతరం పంపేవారు. ఫిజీకి పోయిన మనవారు మాత్రం ఏ నేరమూ చేసినవారు కారు. 1874లో ఆ దీవులు బ్రిటిష్ పాలనలోకి వచ్చినవి. తొలి గవర్నరు సర్ ఆర్థర్ గార్డన్, స్థానికులను వారి పల్లెల నుంచి, వారి భూముల నుంచి కదిలించరాదని నిశ్చయించినాడు. కాని తోటలకు కూలీలు కావలెను. ఆ కొరతను తీర్చడానికి భారతదేశం వైపు చూసినారు. 1879 మే 14న లియోనిదాస్ అన్న ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలను తెచ్చి దించినది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు బయలుదేరినవి. 1916లో చివరి ఓడ చేరేనాటికి ఆ దీవులకు పోయిన భారతీయులు 60,000కు పైమాట. వారిలో సుమారు నాలుగవ వంతు దక్షిణాదివారు. ఉత్తర ఆర్కాటు, తంజావూరు, మలబారు జిల్లాలతోబాటు మన కృష్ణ, గోదావరి, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా జనం ఓడ ఎక్కినారు.

పోయినవారు సంతకం చేసిన, లేక వేలిముద్ర వేసిన ఒడంబడికను ఇంగ్లీషులో 'అగ్రిమెంటు' అన్నారు. అది కూలీల నాలుకపై 'గిర్మిట్' అయినది, వారు గిర్మిటియాలయినారు. ఒడంబడిక 5 సంవత్సరాలకు. రోజుకు 9 గంటలు, శనివారం 5 గంటలు పని. అప్పగించిన పనిని పూర్తి చేసిన మగవానికి దినానికి ఒక షిల్లింగు, ఆడుదానికి 9 పెన్నీలు. పని పూర్తి కాకపోతే కూలి లేదు. అంతేకాదు, న్యాయస్థానానికి ఈడ్చి శిక్ష వేయించవచ్చును. నివాసాలు 'లైన్లు' అనే వరుస కొట్లు. ఒక్కొక్క గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి పురుషులు గాని, ఒక సంసారం గాని ఉండవలెను. 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు చొప్పున ఓడలకు ఎక్కించినారు. ఈ ఒక్క లెక్కలోనే ఎన్ని కలహాలు, ఎన్ని కన్నీళ్ళు ఇమిడి ఉన్నవో ఊహించుకోవచ్చును. ఆత్మహత్యలు విపరీతంగా జరిగినవి. ఆ లైన్లకు కూలీలు పెట్టుకున్న పేరు 'నరకం'.

1912లో గోఖలే శాసనసభలో ఈ పద్ధతిని ఖండించినారు. 1915లో దీనబంధు ఆండ్రూస్, పియర్సన్ గార్లు స్వయంగా ఫిజీకి పోయి చూచి వచ్చి, అక్కడి దుస్థితిని లోకానికి తెలియజేసినారు. 1920 జనవరి 1 నుంచి మిగిలిన ఒడంబడికలన్నీ రద్దయినవి. అప్పటికి ప్రతివారి ముందూ ఒకటే ప్రశ్న: తిరిగి పోవడమా, ఉండిపోవడమా? కొందరు తిరిగి వచ్చినారు. అనేకులు ఉండిపోయినారు. సముద్రం దాటిన కులం చెడినదనే వెలి భయం ఒకటి; ఊళ్ళో తమ కోసం ఎదురుచూసేవారు ఇంకా ఉన్నారో లేరో అన్న సందేహం ఒకటి; అక్కడ పుట్టిన పిల్లలు, నాటిన మామిడిమొక్క, కౌలుకు దొరికిన పది ఎకరాల చెరకుతోట, ఇవి కాళ్ళకు పడిన మెత్తని బంధాలు.

ఇక తెలుగు మాట. తెలుగువారు ఆ దీవులకు చేరేసరికి ఉత్తరాదివారు వచ్చి 24 సంవత్సరాలు గడచినవి. అవధీ, భోజ్‌పురి పలుకులు కలిసి లైన్లలో ఒక కొత్త హిందీ అప్పటికే స్థిరపడి ఉన్నది. సర్దారు ఆజ్ఞ ఆ భాషలో. దుకాణంలో బేరం ఆ భాషలో. 'కులంబర్' అని వారు పిలిచే తెల్ల ఓవర్సీరు తిట్లు కూడా ఆ భాషలోనే. ఆ మాటలు తెలియని దక్షిణాదివారిని అందరూ కలిపి 'మద్రాజీ' అన్నారు, ఎగతాళి చేసినారు. పగలంతా చెరకు నరికి, రాత్రి అన్నం వండుకునే మనిషి తన బతుకు కోసం కొత్త పలుకు నేర్చుకున్నాడు. పక్కగదిలో ఉన్నది తమిళుడో, మలయాళీయో, బీహారీయో. తెలుగులో పలకరించే తోడు దొరకడం భాగ్యం. తెలుగు పొలం నుంచి తప్పుకున్నది, పిమ్మట వాకిటి నుంచి తప్పుకున్నది, చివరకు వంటింట మిగిలినది.

అట్లని వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఈ కథలో ఉపాధ్యాయులు ప్రత్యేకంగా తెలుసుకోదగిన భాగం ఇదే. 1926లో సాధు కుప్పుస్వామి అన్న పెద్దమనిషి ప్రోద్బలంతో దక్షిణాదివారు 'తెన్ ఇందియ సన్మార్గ ఐక్య సంగం' స్థాపించుకున్నారు. తమ పిల్లలకు తమ భాషలు చెప్పించుకోవలెనన్నది ఆ సంగం కోర్కెలలో ముఖ్యమైనది. ఆ సంగం కోరిక మీదనే 1937లో రామకృష్ణ మఠం నుంచి అవినాశానంద స్వామి ఫిజీకి వచ్చినారు. తరువాత వచ్చిన రుద్రానంద స్వామి విద్యావ్యాప్తికి జీవితాన్ని ధారపోసినారు. 1941లో తెలుగువారు తమకంటూ 'దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం' ఏర్పరచుకున్నారు. చెరకు అమ్మిన డబ్బులో ఒక పాలు పక్కన పెట్టి, అక్షరం రాని రైతులు బడులు కట్టినారు. రేకు కప్పు, మట్టినేల. అయినను బడి బడే. తాము వేలిముద్ర వేసి మోసపోయినవారు. బిడ్డలు సంతకం చేయగలగాలని వారి తపన.

బడులు నిలిచినవి, పెరిగినవి. భాష మాత్రం అంతగా నిలువలేదు. పరీక్షలకు ఇంగ్లీషు కావలెను. ఉద్యోగానికి ఇంగ్లీషు కావలెను. తోటివారితో కలిసిపోవడానికి హిందీ చాలును. వారానికి కొన్ని గంటలు చెప్పే తెలుగు, ఇంట్లో వినబడని తెలుగు, ఎంతకాలం నిలుస్తుంది? ఈనాడు ఫిజీలో తెలుగు సంతతివారి నిత్యవ్యవహారం ఫిజీ హిందీలోనే సాగుతున్నది. దీనికి వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. వారు దారిద్ర్యంలో, దూరంలో, నిర్బంధంలో భాషను పోగొట్టుకున్నారు. అన్నీ ఉండి, ఏ నిర్బంధమూ లేక, మన ఇళ్ళలో మనమే పిల్లల నోట తెలుగును నొక్కివేస్తున్నామంటే, ఆ లెక్క ఎవరికి అప్పజెప్పాలి?

భాష తొలగినా బతుకులో తెలుగు వాసన తొలగలేదు. ఇంటి ముందు కరివేపచెట్టు, పెరటిలో మునగ, పులుసులో చింతపండు చేరుతూనే ఉన్నవి. వాటి సరసన ఆ దీవి పంటలు కూడా కంచంలోకి వచ్చినవి. 'దాలో' అనే చేమదుంప, దాని ఆకులతో చేసే కూర, కర్రపెండలం, కొబ్బరిపాలలో ఉడికిన చేప, ఇవన్నీ ఇప్పుడు ఇంటి వంటలే. బస్సులు అనేకం కిటికీ అద్దాలు లేనివి. వాన వస్తే ప్రయాణికులే పైనుంచి గుడ్డతెర దించుకుంటారు. జూన్ మొదలు సంవత్సరాంతం దాకా చెరకు ఆడే కాలం. లౌటోకా, లంబాసా ఊళ్ళలోని మిల్లులకు చిన్న రైలుబండ్ల మీద, లారీల మీద గడలు పోతుంటాయి. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఎండలు, వానలు, తుపానులు. 2016 ఫిబ్రవరి 20న విరుచుకుపడిన 'విన్‌స్టన్' తుపానులో 44 మంది మరణించినారు, వేలాది ఇళ్ళు నేలమట్టమయినవి. కోస్తా జిల్లాలవారికి ఆ దుఃఖం వేరుగా వివరించవలసిన పని లేదు.

నాదీ అని వ్రాసి 'నాందీ' అని పలికే ఊరు ఒకటి అక్కడ ఉన్నది. మన నాటకాల మొదట వచ్చే మాటే! ఆ ఊళ్ళో సుబ్రహ్మణ్యస్వామికి ద్రావిడ శిల్పరీతిలో రంగురంగుల గోపురంతో గొప్ప ఆలయం వెలసినది. రాజధాని సువాలో మారియమ్మ గుడివద్ద భక్తులు దీక్షబూని నిప్పులు తొక్కుతారు. చిత్రమేమనగా, ఫిజీ స్థానికులలో బెంగ దీవివారు కూడా, తమ ఆచారం ప్రకారం, కాలిన రాళ్ళపై నడుస్తారు. ఒకరిని చూచి ఒకరు నేర్చినది కాదు. రెండు జాతులు రెండు సముద్రతీరాల నుంచి తెచ్చుకున్న రెండు విశ్వాసాలు ఒకే నేల మీద ఎదురుపడినవి.

సాయంకాలం ఆ రెండు జాతులు కలిసే చోటు మరొకటి ఉన్నది. మిరియపు తీగ జాతికి చెందిన 'యంగోనా' మొక్క వేరును దంచి, నీళ్ళలో కలిపి, 'తనోవా' అనే పెద్ద కొయ్యపాత్ర చుట్టూ కూర్చుంటారు. కొబ్బరిచిప్పతో ఒకరి తరువాత ఒకరు త్రాగి చప్పట్లు చరుస్తారు. స్థానికుల ఈ మర్యాదను భారతీయులు తమ వాకిళ్ళలో కూడా పాదుకొల్పుకున్నారు. చప్పట్ల నడుమ కబుర్లు సాగుతవి. చెరకు ధర, వాన, పిల్లల చదువు, కౌలు గడువు.

ఆ కౌలు గడువు అన్న మాట వద్ద గొంతులు తగ్గుతవి. ఫిజీలో అత్యధిక భూమి స్థానిక వంశాలవారి ఉమ్మడి సొత్తు, దానిని అమ్మరాదు. వారి భాషలో 'వనువా' అనగా నేల మాత్రమే కాదు, దానిపై బతికే జనం, వారి ఆచారం కూడాను. ఆ భావాన్ని మనం గౌరవించవలసినదే. కాని దాని పక్కనే, మూడు తరాలు చెమటోడ్చినా సెంటు భూమి తనది కాని రైతు కూడా ఉన్నాడు. చట్టం ప్రకారం ఇచ్చిన కౌళ్ళు 1997 నుంచి వరుసగా తీరిపోసాగినవి. వేలాది కుటుంబాలు సామానులు సర్దుకొని పట్టణాల అంచులకు పోయినవి. 1970లో దేశం స్వతంత్రమయినది. 1987లో రెండు పర్యాయాలు, 2000లో మరొకమారు తిరుగుబాట్లు జరిగి, భారతీయులకు ప్రాధాన్యం గల ప్రభుత్వాలు కూలిపోయినవి. ఒకప్పుడు జనాభాలో సగం దాకా ఉన్న భారతీయ సంతతి 2007 జనాభా లెక్కల నాటికి నూటికి 37 పాళ్ళకు తగ్గినది. చదువుకున్నవారు ఆస్ట్రేలియాకు, న్యూజీలాండుకు, కెనడాకు తరలినారు. తాత ఒక సముద్రం దాటితే మనుమడు మరొక సముద్రం దాటినాడు.

ఉండిపోయినవారూ ఉన్నారు. సంగం నడిపే బడులలో ఈనాడు స్థానికుల పిల్లలు కూడా పెద్దసంఖ్యలో చదువుతున్నారు. మన రైతులు తమ పిల్లల కోసం కట్టిన గదులలో ఆ నేల పిల్లలు అక్షరాలు దిద్దుకుంటున్నారు. 2023లో గిర్మిటియాల స్మృతిదినాన్ని ప్రభుత్వం తొలిసారి సెలవుదినంగా పాటించినది. 1987 తిరుగుబాటుకు నాయకత్వం వహించిన రబూకా, ఆ సంవత్సరం ప్రధానమంత్రి హోదాలో, ఆ అన్యాయానికి బహిరంగంగా క్షమాపణ కోరినాడు. ఒక్క క్షమాపణతో పోయిన పొలాలు తిరిగి రావు. అయినను, మాట పలకడానికే 36 సంవత్సరాలు పట్టినదంటే, అది తేలికైన మాట కాదని తెలుస్తున్నది.

చివరగా ఒక కాగితం గురించి చెప్పి ముగిస్తాను. ఓడ ఎక్కిన ప్రతి కూలీకి ఒక 'పాసు' వ్రాసినారు. అందులో పేరు, తండ్రి పేరు, కులం, వయస్సు, ఒంటి మీది గుర్తు, జిల్లా, తాలూకా, గ్రామం ఉంటాయి. ఆ పాసులు ఫిజీలో భద్రంగా ఉన్నవి. మునిమనుమలు వాటి నకళ్ళు తీసుకొని పూర్వుల ఊరు వెదుకుతున్నారు. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, మన ఊళ్ళ పేర్లను గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసినాడు. ట, త ఒకటైపోయినవి; ళ, ల కలిసిపోయినవి; పాలెం, వలస, పేట ముక్కలైపోయినవి. ఆ అక్షరాల చిక్కు విప్పడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు తెలిసి, వాటిని తెలుగులో సరిగా పలుకగల నాలుక ఒకటి ఉంటే చాలును. అది మన బడిలోని ఏడవ తరగతి పిల్లవానికి కూడా ఉన్నది. అటువంటి కాగితం పట్టుకొని ఎవరైనా ఏనాడైనా ఊరి పొలిమేరకు వచ్చి, హిందీ యాసలో ఆ పేరు తప్పుగా చదివితే, నవ్వక, పక్కన నిలిచి, ఆ పేరును సరిగా పలికి వినిపించండి. 100 సంవత్సరాల తరువాత ఆ ఇంటివారు తమ ఊరి పేరును తెలుగులో వినడం అదే మొదటిసారి కావచ్చును.