పటంలో బూడిదరంగు గళ్లు

2021 ఆగస్టులో వాతావరణ మార్పులపై అంతర్‌ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) విడుదల చేసిన నివేదికలో ఒక పటం ఉంది. భూమిని 45 ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతానికి ఆరు పలకల గడి ఒకటి గీశారు. కుండపోత వానలు పెరిగాయని తేలిన గళ్లు 19. బూడిదరంగులో ఉన్నవి 18. వాటిలో ఎక్కువ భాగం ఆఫ్రికాలో, దక్షిణ, మధ్య అమెరికాల్లో ఉన్నాయి. అక్కడ వానల తీరు మారిందో లేదో చెప్పడానికి చాలినన్ని కొలతలో, పరిశోధన పత్రాలో లేవన్నమాట. ఏటా వరదల్లో మునిగే ఊళ్లు కూడా ఆ బూడిదరంగు కిందే ఉన్నాయి.

1988లో ఏర్పడిన ఐపీసీసీ సొంతంగా పరిశోధన చెయ్యదు. అచ్చయిన పరిశోధనలను చదివి, బేరీజు వేసి, ఏది ఎంతవరకు నమ్మవచ్చో చెబుతుంది. ఆ నివేదికల సారాంశాన్ని 195 సభ్య దేశాల ప్రతినిధులు ఒక్కో వాక్యం చదివి ఆమోదిస్తారు. వాతావరణ చర్చలన్నిటికీ అదే ఆధారం. అందుకే అది ఎవరు రాస్తున్నారు, ఎవరి పత్రాలు చూసి రాస్తున్నారు అన్నవి పేదదేశాలకు బతుకు ప్రశ్నలు.

రాసేవాళ్ల సంగతి కొంత మెరుగుపడింది. 1990 నాటి తొలి నివేదిక రచయితల్లో మహిళలు 5 శాతం కూడా లేరు. ఆరో నివేదికకు 2018లో ఎంపికైన 721 మందిలో 33 శాతం మహిళలు. వర్ధమాన, పరివర్తన దశలోని దేశాలవాళ్లు 44 శాతం. ఏడో నివేదికకు 2025లో ఎంపిక చేసిన 664 మందిలో ఈ వాటాలు 46, 51 శాతానికి చేరాయి. సంతోషించాల్సిన మార్పే. అయితే కుర్చీలు లెక్కపెట్టి ఊరుకుంటే ఏం జరుగుతుందో హిమాలయాల ఉదంతం చెబుతుంది.

2007 నివేదికలోని ఆసియా అధ్యాయం, హిమాలయ హిమనదాలు 2035 నాటికే కరిగి మాయమయ్యే ప్రమాదం ఉందని రాసింది. ఆ మాట శాస్త్రీయ సమీక్ష జరిగిన పత్రం నుంచి రాలేదు. ఒక పర్యావరణ సంస్థ నివేదిక నుంచి, దాని వెనక ఒక పత్రికా కథనం నుంచి వచ్చింది. భారత భూగర్భ సర్వేలో పనిచేసి విరమించిన వి.కె. రైనా 2009లో దానికి విరుద్ధమైన క్షేత్ర వివరాలు బయటపెడితే మొదట కొట్టిపారేశారు. 2010 జనవరిలో ఐపీసీసీ తప్పు ఒప్పుకుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ అధ్యాయానికి సారథ్యం వహించినవాళ్లు ఫిలిప్పీన్స్, జపాన్, భారత్, చైనా శాస్త్రవేత్తలే. కుర్చీలు ఉన్నాయి. సమీక్షకు నిలిచిన స్థానిక పరిశోధన చాలినంత లేదు. ఆ ఖాళీలోకే గాలివార్త దూరింది.

ఖాళీ ఎందుకుందో తెలియాలంటే డబ్బు ఎటు పోతోందో చూడాలి. 1990 నుంచి 2019 వరకు ప్రపంచం వాతావరణ పరిశోధనకు పెట్టిన ఖర్చులో ఆఫ్రికా గురించిన అధ్యయనాలకు దక్కింది 3.8 శాతం. అందులోనూ 78 శాతం ఐరోపా, అమెరికా సంస్థలకే వెళ్లింది. ఆఫ్రికా సంస్థల చేతికి వచ్చింది 14.5 శాతం. ఈ లెక్కను ఐపీసీసీ ఆఫ్రికా అధ్యాయమే నమోదు చేసింది. ఇక ఐపీసీసీ రచయితలకు జీతం ఉండదు. వర్ధమాన దేశాలవాళ్ల ప్రయాణ ఖర్చు మాత్రం భరిస్తుంది. సహాయకులు లేని ఆచార్యుడు పాఠాలు చెప్పుకుంటూ, రాత్రిళ్లు వేల పత్రాలు ఇంగ్లిషులో చదవాలి.

భవిష్యత్తును లెక్కగట్టే నమూనాల్లో ఈ అసమానత ఇంకా లోతుగా ఉంది. ఉద్గారాల తగ్గింపు దారులను చూపే నమూనాల్లో అధిక భాగం సంపన్న దేశాల్లో తయారైనవే. పరిశోధకులు తేజల్ కానిట్కర్, టి. జయరామన్ తదితరులు ఆరో నివేదికలోని 556 భవిష్యత్ దృశ్యాలను విశ్లేషించి, దక్షిణాసియా, ఆఫ్రికా ప్రజలు 2050లోనూ తక్కువ ఆదాయంతో, తక్కువ ఇంధనంతోనే బతుకుతారని అవి ఊహిస్తున్నట్టు చూపించారు. మన పిల్లల పేదరికం ఒక కంప్యూటర్ లెక్కలో ముందే రాసిపెట్టి ఉందంటే కోపం రావాల్సిందే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం సొంత భూవ్యవస్థ నమూనా తయారుచేసి ఆరో నివేదికకు ఆధారమైన ప్రపంచ నమూనాల సరసన నిలబెట్టింది. ఆ పని ఇంకా ఎన్నో చోట్ల జరగాలి.

లోపలికి వెళ్లినవాళ్లు తేడా చూపించారు. బంగ్లాదేశ్‌కు చెందిన సలీముల్ హక్ వరస నివేదికల్లో రచయితగా ఉంటూ, నష్టపోయిన దేశాలకు పరిహారం గురించి 2023లో కన్నుమూసేదాకా వాదించారు. ఆరో నివేదికలో నీటి అధ్యాయానికి సారథుల్లో ఒకరు అదితి ముఖర్జీ. హైదరాబాద్‌ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో పరిశోధన సాగించిన అంజల్ ప్రకాశ్ కూడా ఆ నివేదిక రచయితే. ప్రజలు ముప్పుకు లోనుకావడానికి వలసపాలన ఒక కారణమన్న మాట 2022లో తొలిసారి ప్రభుత్వాలు ఆమోదించిన సారాంశంలోకి ఎక్కింది.

రచయితగా ఎంపిక కాకపోయినా ఒక తలుపు తెరిచే ఉంటుంది. ముసాయిదాలను సమీక్షించడానికి విషయం తెలిసిన ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. ఆరో నివేదిక తొలి భాగానికే 78,007 వ్యాఖ్యలు వచ్చాయి. యువ పరిశోధకులు బృందాలుగా కూర్చుని సమీక్షలు పంపిన సందర్భాలూ ఉన్నాయి. అనంతపురం దగ్గరి రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వేరుశనగపై పనిచేసేవారు, హైదరాబాద్‌ పరిశోధన సంస్థ క్రిడాలో మెట్ట సేద్యం చూసేవారు, బాపట్ల, రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలల విద్యార్థులు తలా ఒక అధ్యాయం పంచుకుంటే చాలు. ఏ పేజీలో, ఏ వరుసలో మన నేల సంగతి తప్పుగా ఉందో, అసలు లేకుండా పోయిందో ఆధారంతో రాసి పంపాలి. ప్రతి వ్యాఖ్యకూ రచయితలు రాతపూర్వకంగా జవాబివ్వాలి. నివేదిక వచ్చాక ఆ జవాబులన్నీ ఎవరైనా చదువుకునేలా బయటపెడతారు.