పట్టు వీడకూడదు.. పట్టేసుకోకూడదు: పొడవాటి బైక్ బూట్ల ఎంపికలో మెలకువలు

నర్సీపట్నం: చలికాలం వచ్చిందంటే నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్‌రోడ్డు ఎక్కే మోటారు సైకిళ్లకు లెక్క ఉండదు. పొగమంచు చూసేందుకు తెల్లవారకముందే బయలుదేరే యువకులు తలకు హెల్మెట్, ఒంటికి జర్కిన్ ధరిస్తున్నారు. కాళ్లకు మాత్రం చాలామందికి చెప్పులే దిక్కు. దూర ప్రయాణాలపై ఆసక్తి గలవారు కొందరు పిక్కల వరకు వచ్చే తోలు బూట్లు కొంటున్నారు. అది మంచి అలవాటే. అయితే అందం చూసి కొన్న బూటు ఆపదలో అక్కరకు రాకపోవచ్చు. తోలు ఎంత మందంగా ఉందో చూసేవారు కూడా అది కాలిని ఎలా పట్టి ఉంచుతుందో గమనించడం లేదు.

చట్టం అడగదు

మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. పాదరక్షల విషయంలో అటువంటి నిబంధన లేదు. చెప్పులతో బండి నడిపితే జరిమానా లేదని 2019లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ కార్యాలయం స్పష్టం చేసింది. కనుక జాగ్రత్త పూర్తిగా నడిపేవారిదే. సాధారణ బండి కూడా వంద కిలోలకు పైగా బరువు ఉంటుంది. అది పక్కకు ఒరిగితే చీలమండ, పిక్క ఎముక దాని కింద నలుగుతాయి. ఆ క్షణంలో బూటు కాలి నుంచి ఊడిపోకూడదు. గాయపడి కాలు వాచిన తర్వాత తీయాల్సి వస్తే సులువుగా రావాలి. బిగింపు ఏ రకమైనా ఈ రెండు పరీక్షలకు నిలవాలి.

ఏ బిగింపు ఎలా?

లేసులు: పాదం ఆకారానికి తగినట్లు ఎక్కడికక్కడ బిగించుకునే వీలు వీటికే ఉంది. కానీ వేలాడే ముడి ఎడమవైపు గేరు రాడ్‌కో, కుడివైపు బ్రేకు పెడల్‌కో చిక్కుకుంటే బండి ఆపినప్పుడు కాలు నేలపై ఆనదు. బండి అలాగే ఒరిగిపోతుంది. లేసులు ఉన్న బూటు కొంటే ముడిని కప్పే తోలు పట్టీ ఉండాలి. లేదా మిగిలిన లేసును బూటు లోపలికి దోపుకోవాలి.

జిప్పు: తొడగడం, విప్పడం తేలిక. వాచిన కాలి నుంచి తీసేందుకూ ఇదే మేలు. రోడ్డుపై జారినప్పుడు ఒరుసుకునేది బూటు బయటి వైపు గనుక, జిప్పు బండి వైపు, అంటే లోపలి పక్కన ఉన్నది ఎంచుకోవాలి. దానిపై తోలు కప్పు లేకపోతే పెట్రోలు ట్యాంకుకు గీతలు పడతాయి. జిప్పు తెగితే బూటు నిలవదు కాబట్టి పైభాగంలో అదనంగా ఒక పట్టీ ఉండటం మంచిది.

బకిల్: గట్టిగా పట్టి ఉంచుతుంది, బురదకు చెడిపోదు. ఎత్తుగా పొడుచుకు వచ్చినది కాకుండా, తోలుకు అంటుకుని పల్చగా ఉన్నది తీసుకోవాలి. పట్టీ చివర వేలాడకూడదు.

వెల్‌క్రో: తేలికగా అంటుకుంటుంది. దుమ్ము, బురద, నూలుపోగులు పట్టేకొద్దీ పట్టు సడలుతుంది. బ్రష్‌తో తరచూ శుభ్రం చేయాలి. పొడవాటి బూటుకు ఇదొక్కటే ఆధారమైతే చాలదు.

బిగింపు లేని గొట్టం బూట్లు: చూపులకు బాగుంటాయి. పాదం పైభాగంలో, పిక్క వద్ద బిగించుకునే పట్టీలు లేకపోతే ప్రమాదంలో జారిపోయే అవకాశం ఉంది. అవి బాగా బిగుతుగా ఉంటే వాచిన కాలి నుంచి తీయలేక కోయాల్సి రావచ్చు.

కొలత ఇలా..

సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి. అందుకే కొనుగోలు ఆ వేళకు పెట్టుకోవాలి. బండి నడిపేటప్పుడు వేసుకునే సాక్సులు, ప్యాంటుతోనే వెళ్లాలి. కుర్చీలో కూర్చుని పాదం నేలపై ఆనించి, పిక్క లావుగా ఉన్నచోట టేపుతో చుట్టుకొలత తీసుకోవాలి. ప్యాంటును బూటులోకి దోపేవారు దానిపైనుంచే కొలవాలి. రెండు కాళ్లూ ఒకేలా ఉండవు కనుక పెద్ద కొలతే లెక్క.

వేళ్ల ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. నడిచినప్పుడు మడమ పైకి లేవకూడదు. తోలు వాడకంలో వెడల్పుకు సాగుతుంది గానీ పొడవుకు సాగదు. వేళ్లు తగులుతున్న బూటు తర్వాత సరిపోతుందన్న మాట నమ్మరాదు. మోకాలు మడిచినప్పుడు బూటు అంచు వెనుక గుచ్చుకోకూడదు. చీలమండ వద్ద మడతలు పడ్డాక అంచు కొంత కిందికి దిగుతుంది.

చివరగా బండిపై కూర్చుని చూడాలి. బూటు ముందుభాగం గేరు రాడ్ కింద దూరకపోతే మెకానిక్‌తో రాడ్‌ను కాస్త పైకి బిగింపజేసుకోవచ్చు.

గుర్తు చూసి కొనండి

ఐరోపాలో మోటారు సైకిల్ బూట్లకు ఈఎన్ 13634 అనే ప్రమాణం ఉంది. ఈ ప్రమాణం పాటించిన బూటులో మోటారు సైకిలిస్టు బొమ్మ, దాని వద్ద నాలుగు అంకెలు ఉంటాయి. అవి వరుసగా బూటు ఎత్తు, ఒరిపిడిని తట్టుకోవడం, కోతను తట్టుకోవడం, అడ్డంగా నొక్కినప్పుడు అడుగుభాగం నిలవడాన్ని సూచిస్తాయి. 1 కన్నా 2 మెరుగు.

తడిసిన బూట్లను ఎండలోనో పొయ్యి పక్కనో పెడితే తోలు పగులుతుంది. లోపల పాత న్యూస్‌పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టాలి.

ప్రమాదం జరిగితే..

కాలు విరిగినట్లు అనుమానం ఉంటే తోటివారు కంగారులో బూటును లాగకూడదు. కాలు కదలకుండా ఉంచి 108కు ఫోన్ చేయాలి. బూటు తీసే పని వైద్య సిబ్బందికే వదలాలి. జిప్పు గానీ బకిల్ గానీ సక్రమంగా ఉన్న బూటు అప్పుడు వారి పని తేలిక చేస్తుంది.