అండమాన్‌లో అయిదింటికే చీకటి... ఆ సాయంత్రాలు మనవీ కావాలి!

సాయంత్రం అయిదయిందంటే మనకేముంటుందండీ? పిల్లలు బడి నుంచి వచ్చే వేళ, పాలు కాచే వేళ, రాత్రికి కూర తరుక్కునే వేళ. మా పినపాక వైపు అయితే దీపం పెట్టాక ఆడవాళ్ళకి గడప దాటే పనే ఉండదు. ఏడాదికోసారి ముక్కోటికి ముందురోజు భద్రాచలం వెళ్ళి గోదావరిలో తెప్పోత్సవం చూస్తే అదే మాకు పెద్ద సాయంత్రం.

పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నాక అమ్మానాన్నల్ని ఒకసారి అండమాన్ పంపించడం ఇప్పుడు మా వైపు కూడా మామూలైంది. మణుగూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదు, అక్కడి నుంచి విమానం. మేమూ అలాగే వెళ్ళాం. మా ప్యాకేజీ కాగితంలో పగలు చూసే చోట్లన్నీ వరసగా రాసి, చివర్లో ప్రతిరోజూ ‘సాయంత్రం విశ్రాంతి’ అని వేశారు. మొదటిరోజు చీకటి పడగానే మా వారు టీవీ ముందు కూర్చున్నారు. నేను బాత్రూములో బట్టలు పిండి ఆరేశాను. ఇంత డబ్బు పోసి సముద్రం దాటి వచ్చి ఇక్కడ కూడా ఇదేనా అనిపించింది. మర్నాటి నుంచి సాయంత్రాలు నా చేతిలోకి తీసుకున్నాను. వెళ్ళబోయే వారికి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ఎందుకంత తొందరగా చీకటి?

అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది. కానీ దేశమంతటికీ గడియారం ఒక్కటే. అందుకని అక్కడ సూర్యుడు ముందే లేచి ముందే దిగిపోతాడు. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే సూర్యాస్తమయం. అంటే పడుకునేదాకా నాలుగైదు గంటలు మిగులుతాయన్నమాట. నాలుగు రోజుల యాత్రలో ఇవే పదహారు గంటల పైమాట! ‘విశ్రాంతి’ కింద పోగొట్టుకునేంత చిన్న లెక్క కాదు.

క్లబ్బులూ, తెల్లవార్లూ సందడీ వెతుక్కుంటూ వెళ్ళే ఊరు మాత్రం కాదది. ఆ హడావుడి లేకపోవడమే మనబోటి వాళ్ళకి మంచిదైంది.

జైలు గోడల మధ్య ఒక సాయంత్రం

పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అక్కడి సెల్యులార్ జైల్లో చీకటి పడ్డాక శబ్ద, కాంతి ప్రదర్శన ఉంటుంది. హిందీలోనూ ఇంగ్లీషులోనూ వేస్తారు. టీవీ సీరియళ్ళు చూసి నేర్చుకున్న హిందీ అయినా చాలు, కథ అర్థమవుతుంది.

1896లో మొదలుపెట్టి 1906కి కట్టిన జైలది. సైకిలు చక్రం ఆకుల్లా ఏడు రెక్కలు, అన్నీ ఒంటరి గదులే, దాదాపు 700. ఇప్పుడు మూడు రెక్కలే మిగిలాయి. ఖైదీలని ఎద్దుల్లా గానుగకి కట్టి కొబ్బరినూనె తీయించేవారు. మనిషికి రోజుకి 30 పౌన్లు, అంటే పదమూడు కిలోల పైన. నెలకి ఒక్క సీసా కొబ్బరినూనెతో సరిపెట్టుకునే మనకి ఆ లెక్క వింటే గుండె తరుక్కుపోతుంది.

మన మన్యం మనిషి కథ కూడా అండమాన్‌తో ముడిపడి ఉందండీ. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరకి ద్వీపాంతర శిక్ష వేసి పంపింది అండమాన్‌కే. ఆయన ప్రాణాలతో తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యారు. పిల్లలకి ముందే ఈ సంగతి చెప్పి తీసుకెళ్ళండి. అప్పుడు వాళ్ళు కునుకు తీయకుండా చూస్తారు.

ఆనాటి దొరసానుల సాయంత్రాలు

జైలుకి ఎదురుగా సముద్రంలో కనిపించేది రాస్ ద్వీపం. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. బ్రిటిష్ వాళ్ళు ఉండింది ఇక్కడే. చర్చి, రొట్టెల బట్టీ, క్లబ్బు, నాట్యం చేసేందుకు చెక్కనేల, అన్నీ కట్టుకున్నారు. నీళ్ళకి ఈ పక్కన దొరసానులు గౌన్లు వేసుకుని పాటలకి అడుగులు వేస్తుంటే, ఆ పక్కన చీకటి గదుల్లో ఖైదీలు ఉండేవారు. ఆ క్లబ్బు ఇప్పుడు మొండిగోడ. గోడల్ని మర్రి, రావి ఊడలు చుట్టేసుకున్నాయి. అక్కడా సాయంత్రం ప్రదర్శన ఉంటుంది, పడవలో తీసుకెళ్ళి తీసుకొస్తారు. జైలు ప్రదర్శన చూసిన మర్నాడు ఇది చూస్తే కథ రెండో వైపు తెలుస్తుంది.

ఖర్చులేని సాయంత్రం

అన్ని రోజులూ టికెట్లు కొననక్కర్లేదు. ఒకరోజు మెరీనా పార్కు దగ్గర సముద్రపు గట్టున నడవండి. పిల్లలకి ఆడుకునే చోటుంది, పెద్దలకి గాలి ఉంది. అక్కడి నుంచి అబర్డీన్ బజారు దగ్గరే. బజారులో బేరం చేస్తుంటే పక్కనుంచి తెలుగు మాట వినిపిస్తుంది. ఆశ్చర్యపోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపలవేటకీ కూలికీ వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక దుకాణంలో ఆవిడ “ఏ ఊరమ్మా మీది?” అని అడిగేసరికి నాకు మా సంతలో ఉన్నట్టే అనిపించింది. తాజా చేపల భోజనం ఎక్కడ బాగుంటుందో కూడా ఆవిడే చెప్పింది.

హేవ్‌లాక్‌లో అమావాస్య

హేవ్‌లాక్‌కి ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పేరు. అక్కడి రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైనదని రాసింది. సూర్యాస్తమయం చూడాలంటే అక్కడే చూడాలి. కానీ తిరుగు పడవలు పగలే వెళ్ళిపోతాయి. కాబట్టి ఆ రాత్రి అక్కడే బస ఉండేట్టు ముందే చూసుకోండి.

ఇంకో వింత ఉంది. చీకటి రాత్రుల్లో నీళ్ళు కదిపితే నీలంగా మిణుకుమంటాయి. నీటిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న జీవులు కదలికకి అలా వెలుగుతాయి. వెన్నెలుంటే సరిగా కనిపించదు. టికెట్లు కొనే ముందు పంచాంగం తీసి అమావాస్య ఎప్పుడో చూడండి. మనం ఎటూ చూసేదే కదా! చిన్న తెడ్డు పడవల్లో తీసుకెళ్ళి చూపించేవాళ్ళుంటారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ మాత్రం ఎక్కకండి.

ఇవి మరిచిపోకండి

* ప్రదర్శనల వేళలు, సెలవు రోజులు మారుతుంటాయి. దిగినరోజే కనుక్కుని టికెట్లు తీసుకోండి. ఆరుబయట ప్రదర్శనలు గనుక వాన వస్తే ఆగిపోవచ్చు. చివరి రోజుకి అట్టేపెట్టుకోవద్దు.
* చీకటి పడ్డాక సముద్రంలో దిగొద్దు. కొన్నిచోట్ల మొసళ్ళ హెచ్చరిక బోర్డులుంటాయి. అవి ఉన్నచోట పగలు కూడా దిగొద్దు.
* సందెవేళ ఇసుక ఈగలు కుడతాయి. కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుని, పాదాలు కప్పే బట్టలు కట్టుకోండి.
* ఒడ్డున దొరికిన గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో వేసుకోకండి. పగడాలు తీసుకురావడం నేరం.
* చిన్న దీవుల్లో ఫోను సరిగా పలకదు, యంత్రాల్లో డబ్బు దొరుకుతుందన్న నమ్మకం లేదు. కాస్త నగదు పర్సులో ఉంచుకోండి.
* ఆటో బేరం వెళ్ళడానికే కాదు, తిరిగి రావడానికి కూడా కలిపి మాట్లాడుకోండి.

ప్యాకేజీ మాట్లాడేటప్పుడు మగవాళ్ళు విమానం, హోటలు, పగటి కార్యక్రమం చూసి సంతకం పెట్టేస్తారు. మీరు పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: “సాయంత్రం అయిదు తరవాత ఏముంది?” అని. ‘విశ్రాంతి’ అంటే అది తీయించి ప్రదర్శన టికెట్లు, బండి ఖర్చు కలిపి రాయించండి. ఇంట్లో మన సాయంత్రాలు ఎటూ పొయ్యి దగ్గరే గడిచిపోతాయి. సముద్రం అవతల ఉన్న ఆ నాలుగు సాయంత్రాలైనా మనకి దక్కాలి కదండీ! తడిబట్టల సంగతి ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.