తెలియని రాశిని తెలిసికొను త్రోవ

సంఖ్యలతో లెక్కలు చేయుటకు అలవాటుపడిన బాలబాలికలు బీజగణితమున మొదటిసారి అక్షరములను చూచి జంకుదురు. సంఖ్యల నడుమ అక్షరమునకు పని యేమి అను సందేహము వారికి కలుగుట సహజము. ఆ సందేహము తీరనిచో సూత్రములు కంఠస్థము కావచ్చును గాని గణితము వంటబట్టదు.

నిజమునకు ఆ అక్షరము వచ్చి నిలిచిన చోటు క్రొత్తది కాదు. చిన్న తరగతులలో ‘ఏడునకు ఎంత కలిపిన పండ్రెండగును?’ అని అడుగగా ఖాళీ గడిలో 5 వ్రాసిన ప్రతి విద్యార్థియు సమీకరణమును సాధించినవాడే. ఆ ఖాళీ గడికి పెట్టిన పేరే అక్షరము. ప్రాచీన భారత గణితజ్ఞులు తెలియని రాశిని ‘యావత్తావత్’ అని పిలిచి, క్లుప్తముగా ‘యా’ అని వ్రాసికొనిరి. తెలియని రాశులు పెక్కు ఉన్నప్పుడు కాలకము, నీలకము మున్నగు రంగుల పేర్లను వాడిరి.

సమీకరణము యొక్క స్వభావమును తెలియజెప్పుటకు అంగడిలోని త్రాసు చాలును. ఒక పళ్లెములో సమానమైన మూడు బెల్లపు దిమ్మలును, 2 కిలోల తూనికరాయియు ఉన్నవి. రెండవ పళ్లెములో 14 కిలోల రాళ్లు ఉన్నవి. ముల్లు నిట్టనిలువుగా నిలిచినది. దిమ్మ బరువును ‘య’ అనుకొన్నచో ఇది 3య + 2 = 14 అగును. రెండు వైపులనుండియు 2 కిలోలు తీసివేసినను ముల్లు కదలదు. అప్పుడు మూడు దిమ్మల బరువు 12 కిలోలు. ఒక్కొక్కటి 4 కిలోలు. ఒక వైపు మాత్రమే తీసినచో త్రాసు ఒరిగిపోవును. ‘పక్షము మారిన గుర్తు మారును’ అని వల్లించు సూత్రమునకు అర్థమిదియే. అచట రాశి ఎగిరి అవతలికి పోవుట లేదు. రెండు వైపులను ఒకే పని జరుగుచున్నది. కావున సమాన చిహ్నము ‘ఇక జవాబు వ్రాయుము’ అను ఆజ్ఞ కాదు. ఇరుప్రక్కల విలువ ఒకటే అను సాక్ష్యము. 1557లో ఆ చిహ్నమును ప్రవేశపెట్టిన రాబర్టు రికార్డు, రెండు సమాంతర రేఖలకంటె సమానమైనవి వేరొండు లేవని భావించియే దానినట్లు గీసెను.

పెద్దలు పిల్లల నడుగు ఈ పొడుపులెక్కను చూడుడు. కొలనులోని తామరపూవులపై పూవున కొకటి వంతున తుమ్మెదలు వ్రాలగా ఒక తుమ్మెద మిగిలెను. రెండేసి వంతున వ్రాలగా ఒక పూవు మిగిలెను. పూవు లెన్ని? తుమ్మెద లెన్ని? చురుకైన బాలుడు 3 పూవులు, 4 తుమ్మెదలు అని ఊహతోనే చెప్పగలడు. కాని రెండేసి వ్రాలినప్పుడు 50 పూవులు మిగిలిన వన్నచో ఊహ తడబడును. పూవులు ‘య’ అనుకొన్నచో తుమ్మెదలు మొదటి మాటను బట్టి య + 1, రెండవ మాటను బట్టి 2(య − 50). ఈ రెండును ఒకే గుంపు గనుక సమానములు. అనగా య + 1 = 2య − 100. రెండు వైపులను 100 కలిపి, ‘య’ తీసివేయగా పూవులు 101, తుమ్మెదలు 102 అని తేలును.

ఇట్టి చమత్కారమైన లెక్కలతో గణితమును నేర్పుట మన దేశమున పూర్వాచారము. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు లీలావతిలో తుమ్మెదలను, హంసలను లెక్కలలోనికి దింపెను.

సమీకరణమునకు మరియొక గొప్పగుణము కలదు. వచ్చిన విలువను తిరిగి లెక్కలో ఉంచి చూచినచో తప్పొప్పులు తేలును. 101 పూవులలో 51 పూవులపై రెండేసి వ్రాలిన తుమ్మెదలు 102. మిగిలిన పూవులు 50. జవాబు సరియైనది. పుస్తకము చివరి పుటలు త్రిప్పకయే, గురువు నడుగకయే, విద్యార్థి తన లెక్కను తానే తీర్పు చెప్పుకొనగలడు.