ఒక్క బోల్టు కోసం 127 పళ్ల చక్రం

అద్దంకి చుట్టుపక్కల మిరప, పత్తి చేలల్లో తిరిగే పాత ట్రాక్టరుకో, ఊళ్లో కారం మిల్లుకో ఒక బోల్టు విరిగితే సరిజోడు అంగట్లో దొరుకుతుందన్న భరోసా లేదు. అర అంగుళం బోల్టే తెచ్చినా రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. బలవంతాన తిప్పితే ఉన్న త్రెడ్డూ పోతుంది. ఇక లేత్ షాపే దిక్కు.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో మరలు కోసే లేత్‌ను తీర్చిదిద్దాడు. అంతకుముందు ఒక బోల్టు నట్టు మరో బోల్టుకు పట్టడం అరుదు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో అందరికీ ఒకే కొలత ఉండాలన్నాడు: త్రెడ్డు కోణం 55 డిగ్రీలు, అర అంగుళం బోల్టుకు అంగుళానికి 12 చుట్లు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు ఉండాలన్నాడు. అక్కడి అర అంగుళం బోల్టుకు 13 చుట్లు స్థిరపడ్డాయి. ఆపైన మెట్రిక్ వచ్చింది. మన పల్లెల యంత్రాల్లో ఈ రకాలన్నీ కలగాపులగంగా ఉన్నాయి.

ఇంటి షెడ్డులో చిన్న లేత్ ఉన్నా కావలసిన బోల్టు చేసుకోవచ్చు. 12 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టునే తీసుకుందాం. ఆరు పలకల కడ్డీని చక్‌లో బిగించి, తల వదిలేసి, మిగతాది 12 మిల్లీమీటర్లకు చెక్కాలి. ఇక దానిమీద త్రెడ్డు కోయాలి. కడ్డీ ఒక చుట్టు తిరిగేసరికి కోత పనిముట్టు సరిగ్గా 1.75 మిల్లీమీటర్లు జరగాలి. దాన్ని జరిపేది లీడ్ స్క్రూ. చాలా పాత లేత్‌లలో అది అంగుళాల లెక్కది: అంగుళానికి 4 చుట్లు, అంటే చుట్టుకు 6.35 మిల్లీమీటర్లు. కడ్డీకీ లీడ్ స్క్రూకీ మధ్యలో 35 పళ్ల చక్రం 127 పళ్ల చక్రాన్ని తిప్పేలా అమర్చితే ఆ 6.35 కచ్చితంగా 1.75 అవుతుంది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని అయిదుతో గుణిస్తే 127. అది ప్రధాన సంఖ్య కనుక అంతకన్నా చిన్న చక్రంతో ఈ లెక్క కచ్చితంగా కుదరదు. రెండు కొలతల లోకాలను ఒక్క పళ్ల చక్రం కలపడం నాకెప్పుడూ అబ్బురమే.

ఇలా కోసేటప్పుడు, పనిముట్టును లీడ్ స్క్రూకు కలిపే హాఫ్ నట్‌ను మధ్యలో విప్పకూడదు. విప్పితే పనిముట్టు మళ్లీ అదే గాడిలో పడుతుందన్న హామీ లేదు. ప్రతి కోత చివరా పనిముట్టును వెనక్కి లాగి, మోటారును ఎదురు దిశలో తిప్పి మొదటికి తేవాలి. నూనె పోస్తూ, కొద్దికొద్దిగా లోతు పెంచుతూ, ఒక్కో వైపు సుమారు 1.1 మిల్లీమీటర్ల దాకా కోయాలి. చివర్లో నట్టు వేలితో తిప్పితే ఊగకుండా ఎక్కాలి.

కొలత కుదిరినంత మాత్రాన బలం రాదు. తలమీద 8.8 అని ఉన్న బోల్టు చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు తట్టుకుంటుంది. మామూలు మెత్తని ఉక్కుది సుమారు అందులో సగం. అందుకే లేత్ షాపుకు వెళ్లేటప్పుడు విరిగిన ముక్కనూ, దాని నట్టునూ రెండింటినీ పట్టుకెళ్లండి, తలమీది అంకె చూపించండి. స్టీరింగుకు, బ్రేకులకు, చక్రాలకు మాత్రం ఇంట్లో చేసిన బోల్టు వాడకండి.