చిత్రకారుల ఇళ్లు, గురుశిష్య బంధాలు

మా పరిటాలకు దగ్గరలోనే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మల పనివారి ఇళ్లలో ఒకరు తెల్లపొణికి కొయ్య చెక్కుతుంటే మరొకరు రంగులు వేస్తుంటారు. పిల్లలు పక్కన కూర్చుని పని నేర్చుకుంటారు. చిత్రలేఖనం మాత్రం కళాశాలలో నేర్చుకునే విద్య అని మనం అనుకుంటాం. 18వ శతాబ్దపు ఫ్రాన్సులో అదీ చాలావరకు ఇంటి విద్యే.

దీనికి ఒక కారణం ఉంది. పారిస్‌లోని రాయల్ అకాడమీ నేర్పింది ముఖ్యంగా గీత గీయడమే. రంగు కలపడం, కాన్వాసు మీద దాన్ని నిలపడం గురువు చిత్రశాలలోనే అబ్బేది. కాబట్టి గురుత్వం, చుట్టరికం ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. ఫ్రాన్స్వా బూషే (1703–1770) ఇద్దరు కూతుళ్లూ 1758లో చిత్రకారులనే పెళ్లాడారు. ఆయన శిష్యుడు ఫ్రాగొనార్ తన మరదలు మార్గరెట్ జెరార్‌కు చిత్రకళ నేర్పాడు. అకాడమీ 1770లో స్త్రీ సభ్యుల సంఖ్యను నాలుగుకు పరిమితం చేసింది. ఆ పరిస్థితిలో ఆమెకు తెరిచి ఉన్న తలుపు అక్క ఇల్లే.

ఇప్పుడు రాజమండ్రికి వద్దాం. కాలం వేరు, పద్ధతి కూడా వేరు. దామెర్ల రామారావు (1897–1925) ప్రతిభను గుర్తించినవాడు అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరాడు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. అంటే ఇక్కడ గురువు బంధువు కాదు, తెలుగువాడూ కాదు. చుట్టరికం ఆ తరువాత వచ్చింది. రామారావు సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి కూడా కుంచె పట్టారు.

రామారావు 1920ల ఆరంభంలో చిత్రకళాశాల స్థాపించి, కొద్ది ఏళ్లకే మశూచితో మరణించాడు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు. ఆ శాల ఆయనతోనే మూతపడవలసింది. మిత్రుడు వరదా వెంకటరత్నం దాన్ని నడిపాడు. ఆ చిత్రాలను నేటికీ రాజమండ్రిలో రామారావు పేరిట ఉన్న చిత్రశాలలో చూడవచ్చు.

మన పుస్తకాలలో బుచ్చికృష్ణమ్మ పేరు తరచు ‘రామారావు సోదరి’ అన్న మాటతోనే ముగుస్తుంది. ఇది నాకు లోపంగానే కనిపిస్తుంది. పైన నేనూ అలాగే పరిచయం చేశానని మీరు గమనించే ఉంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మార్గరెట్ జెరార్, బుచ్చికృష్ణమ్మల విషయంలో కుటుంబం ఏ విధంగా తోడ్పడింది? ఏ విధంగా వారి పేరును మరుగుపరిచింది?