కీమోథెరపీ కష్టాలకు చైనా కషాయాలు

రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి గనుక, క్యాన్సర్ కణాలతోపాటు పేగుల లోపలి పొర, వెంట్రుకల కుదుళ్లు, ఎముక మూలుగ కూడా దెబ్బతిని వాంతులు, నీరసం, జుట్టు రాలడం మొదలవుతాయి. మూలుగలో తయారయ్యే తెల్ల రక్తకణాలు తగ్గిపోవడం వీటికంటే ప్రమాదకరం. అప్పుడు ఇన్‌ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది, తర్వాతి విడత మందును వాయిదా వేయవలసి రావచ్చు.

చైనా సంప్రదాయ వైద్యం ఈ స్థితిని ‘చీ’ అనే ప్రాణశక్తీ రక్తమూ క్షీణించడంగా భావించి, వాటిని బలపరిచే మూలికలను కీమోథెరపీకి తోడుగా ఇస్తుంది. 1247 నాటి గ్రంథంలో చైనా వైద్యుడు లీ దోంగ్‌యువాన్ చెప్పిన ఒక కషాయంలో హువాంగ్‌చీ వేరు ఐదు పాళ్లు, దాంగ్‌గ్వై వేరు ఒక పాలు ఉంటాయి.

వైద్య పరిశోధనల ఫలితాలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2007లో ఇటువంటి మందులపై ఒక సమీక్ష ప్రచురించింది. అందులోకి వచ్చిన 7 పరీక్షలూ చైనాలోనే జరిగాయి. పాల్గొన్న రోగులు 542 మంది, పరీక్షించిన మందులు 6 రకాలు. ఎముక మూలుగ పనితీరులోనూ రోగుల జీవన నాణ్యతలోనూ కొంత మెరుగుదల కనిపించినా, పరీక్షలు చిన్నవి, నాణ్యత తక్కువవి కావడంతో సమీక్షకులు గట్టి నిర్ధారణకు రాలేకపోయారు. దాదాపు ఒక్కో మందుకు ఒక్కో పరీక్షే ఆధారమైనప్పుడు అంతకుమించి చెప్పడం న్యాయం కూడా కాదు. పైగా ఘాటైన వాసన, చేదు ఉన్న కషాయానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మందు తయారుచేయడం కష్టం గనుక, తాగుతున్నది అసలుదని తెలిసిన రోగి నీరసం తగ్గిందని చెప్పినప్పుడు అందులో మందు పాలెంతో నమ్మకం పాలెంతో విడదీయడం తేలిక కాదు. ప్రయోగశాలలో లెక్కించే తెల్ల కణాల సంఖ్యకు ఆ చిక్కు తక్కువ.

ప్రకృతి నుంచి వచ్చినది గనుక హాని చేయదనే భరోసా మాత్రం చెల్లదు. 1990ల తొలినాళ్లలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గే చికిత్సకు వెళ్లిన స్త్రీలకు ఒక చైనా మూలిక బదులు అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మరో మూలిక అందడంతో అనేకమందికి మూత్రపిండాలు పాడైపోయాయి, కొందరికి ఆ తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. సరైన మూలికే అయినా, డోసిటాక్సెల్ అనే కీమోథెరపీ మందును విచ్ఛిన్నం చేసే కాలేయపు ఎంజైములపై అది ప్రభావం చూపితే రక్తంలో మందు మోతాదు పెరగవచ్చు లేదా తగ్గవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి దాంగ్‌గ్వై వల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. దానికి ఈస్ట్రోజెన్‌ను పోలిన ప్రభావం ఉండవచ్చనే అనుమానంతో, ఆ హార్మోన్‌పై ఆధారపడి పెరిగే కణితులు ఉన్నవారిని దూరంగా ఉండమంటారు.

చైనా కషాయాల్లో తరచుగా కనిపించే అతిమధురం తెలుగువారికి ఇంటి మందుగా పరిచితమే అయినా, ఎక్కువ రోజులు వాడితే రక్తపోటును పెంచి, పొటాషియంను తగ్గించగలదు. వాంతులతో ఇప్పటికే ఆ లవణాన్ని కోల్పోతున్నవారికీ, గుండెకు హాని చేయగల కీమోథెరపీ మందు డాక్సోరూబిసిన్ ఎక్కించుకుంటున్నవారికీ అది చిన్న విషయం కాదు; అందువల్ల ఏ కషాయమైనా మొదలుపెట్టకముందే, అందులోని మూలికల జాబితా చికిత్స చేస్తున్న క్యాన్సర్ వైద్యుల చేతికి చేరాలి.